తుడిచెయ్యమన్న ఫోటో

ఏమర్రా, ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళకైనా మీ చిన్నమ్మమ్మ సంగతి అడగాలని పుట్టిందా? నా సొంత చెల్లెలే కదా, ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా! హాల్లో ఆ పెద్ద ఫోటో చూసి "పెద్దతాత ఎంత దర్జాగా ఉన్నాడో" అంటారు. మా అన్నయ్య దర్జా నన్నడగండి, చెప్తా. ఒరేయ్, ఆ ఫోన్ అవతల పెట్టు.

మా చెల్లెలు ఫోటో స్టూడియోలో పనిచేసేది. మనిషి వెనకాల గోడ మాసిపోయుంటే కంప్యూటర్లో నీలం రంగు పోసేది. అందులో చిన్న బకెట్ బొమ్మ ఉంటుందిలే. దాంతో ఎక్కడ నొక్కితే అక్కడ రంగు నిండుతుంది. పక్కనున్నదీ అదే రంగైతే, మధ్యలో గీత లేకపోతే, అందులోకీ పాకేస్తుంది. ఓసారి ఎవరో ముసలాయన తెల్లజుట్టంతా నీలమైపోయింది. ఆయనేమో "ఇదే బాగుందమ్మా, వయసు తగ్గింది, ఉంచెయ్" అన్నాడట! చెప్పి పడీపడీ నవ్వేది. అన్నయ్యకి మాత్రం దాని పని లోకువ. "సున్నాలేసేవాళ్ళు నయం" అనేవాడు.

అలాంటివాడు ఓ రోజు మేమందరం కలిసి దిగిన ఫోటో పట్టుకుని స్టూడియోలో దిగాడు. నేనక్కడే స్టూల్ మీద కూర్చునున్నా. పెద్దది చేయించి హాల్లో పెడతాడట. అందులో ఆయన కూతురు మాత్రం ఉండకూడదట! ఏం చేసిందా పిల్ల? తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చింది. అంతే.

"దాన్ని తీసేసి గోడరంగు పోసెయ్."

"నీ కూతురన్నయ్యా అది."

"నాకు కూతురే లేదు. నొక్కు."

"నీది తెల్లచొక్కా, దానిది తెల్లచీర. నీ భుజానికి ఆనుకుని నుంచుంది. నొక్కితే నువ్వూ పోతావ్."

"నాకు పాఠాలు చెప్పకు, నొక్కవే!"

నొక్కింది. పిల్ల చీరా పోయింది, ఈయన చొక్కా పోయింది. మేకులు కొట్టి గోడకి తగిలించినట్టు ఇద్దరి తలకాయలే మిగిలాయి. స్టూడియో ఓనరు కిసుక్కున నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయా. అన్నయ్య మొహం కందగడ్డైపోయింది.

"సరిచెయ్! దాన్నొక్కదాన్నే తీసెయ్!"

చెల్లెలు ఏదో మీట నొక్కి ఇద్దర్నీ వెనక్కి తెచ్చింది. "చుట్టూ గీత గీసి ఒక్కదాన్నే తీయడం నాకొచ్చు. తీయను. ఇంకెవరి చేతైనా చేయించుకో" అని లేచి నిలబడింది.

చేయించుకున్నాడు, ఇంకో కొట్లో. మీరు రోజూ మురిసిపోతూ చూసేది అదే. ఆయన పక్కన ఖాళీగోడ కనిపిస్తోందే, ఆ పిల్ల నుంచున్న చోటది. ఆ తర్వాత చెల్లెలి గడప తొక్కినవాళ్ళు నా గడప తొక్కక్కర్లేదన్నాడు. ఇంటిల్లిపాదీ నోళ్ళు కుట్టేసుకున్నారు, మీ అమ్మానాన్నలతో సహా. రొమ్ములో గడ్డ లేచి అది మంచానపడితే ఒక్కళ్ళు ఫోనైనా చేశారా? నేనూ, ఆ పిల్లా, ఇద్దరమే తిరిగాం ఆస్పత్రికి. "మీవాళ్ళెవరూ రారా?" అని నర్సు అడిగితే, "మరి మేమెవరం?" అని కసిరింది ఆ పిల్ల.

పోయాక మాత్రం అందరూ తయారు, ముక్కులు చీదుకుంటూ. సిగ్గులేని సంత!

యాభైమూడేళ్ళకి పోయింది.