దుప్పి చెవి తిరిగిన వైపు

నా చిన్నప్పుడు మా వీధిలో అనుమానం లేని ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు. పాలు పలచగా ఉంటే పాలామె మీద అనుమానం, కోడి గుడ్డు పెట్టకపోతే పక్కింటి పిల్లల మీద అనుమానం. గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు పోయే దారిలో కొండల కింద ఉండే చిన్న ఊరు మాది. ఒక ఏడు ఆ ఊరి అనుమానాలన్నీ కలిసి ఒకే మనిషి మీద పడ్డాయి. ఆయన మా పెదనాయన, మా నాయనకు సొంత అన్న.

పెదనాయన మిలిటరీలో చాలా ఏళ్లు చేసి ఇంటికి వచ్చేశాడు. పెద్దమ్మ అప్పటికే చనిపోయింది. మా నాయన మేస్త్రి పని మీద వేలూరులోనే ఎక్కువగా ఉండేవాడు కాబట్టి, ఇంట్లో మగదిక్కు పెదనాయనే. వస్తూ వస్తూ ఆయన లైసెన్సుతో ఒక చేతి తుపాకి తెచ్చుకున్నాడు. మా ఊళ్లో వేటగాళ్లకు భుజాన వేసుకునే పొడుగాటి నాటు తుపాకులే తెలుసు. మొలలో దోపుకునే ఈ పొట్టి తుపాకిని చూసి వాళ్లు పడీ పడీ నవ్వారు. దాంతో ఉడతను కూడా కొట్టలేవన్నారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పని మనిషి మీద మా ఊరికి అనుమానం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు దుప్పిని ముట్టుకుంటే జైలే. మంచిదే, ఆ కొండల్లో మిగిలినవే కొన్ని. అప్పట్లో మాత్రం ఫారెస్టు ఆఫీసులో పర్మిట్ తీసుకుంటే, సీజన్లో ఒక కొమ్ముల దుప్పిని కొట్టుకోవచ్చు. వేరుశనగ చేలను మందలు మందలుగా వచ్చి మేసిపోయేవి కాబట్టి ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఒక్కటే కట్టుబాటు. కొట్టిన దుప్పిని ఒక్కడే తినకూడదు. ఎంత చిన్న ముక్కైనా సరే, వీధిలో ప్రతి ఇంటికీ ఒక పాలు, అంటే వాటా, చేరాలి. దానికోసం ఆడవాళ్లు ముందుగానే మసాలా నూరి పెట్టుకునేవాళ్లు.

పెదనాయన పర్మిట్ తీసుకుని కొండకు పోవడం, పొద్దెక్కాక ఉత్త చేతులతో దిగి రావడం. మళ్లీ పోవడం, మళ్లీ ఉత్త చేతులే. నూరిన మసాలాలు ఎండిపోయాయి. ఇంతలో ఎవరో ఆయన్ని సంచితో పేర్ణాంబట్టు బస్సు ఎక్కుతుండగా చూశారట. ఇంకేం, కథ అల్లేశారు. కొట్టిన దుప్పిని కొండ అవతల నుంచే దించి, మాంసం ఒకరికి, తోలు తోళ్ల షాపుకు అమ్ముకుంటున్నాడన్నారు. ఆ సంచిలో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగే అవకాశం ఉన్నప్పుడు అడగలేదు.

ఈ మాటలన్నీ వచ్చి తగిలింది మా అమ్మకు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఆమెను నిలేసి, ఊరి పాలు మీ ఇంటోళ్లే మింగుతున్నారా అని అడిగారు. మా అమ్మకు పరువే ప్రాణం. నిజమో అబద్ధమో ఆయన్నే అడిగితే సరిపోయేది, కానీ అడగడానికి లేదు. మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావ ఎదురుగా నిలబడకూడదు, ఆయన చెవిన పడేలా మాట్లాడకూడదు. ఆయన వాకిట్లోకి వస్తే ఈమె వంటింట్లోకి తప్పుకునేది. వండేది మా అమ్మ, వడ్డించేది మా అవ్వ. నేను పుట్టి పదేళ్లయినా ఆయన మా అమ్మ గొంతు ఎలా ఉంటుందో విని ఎరగడు.

అందుకని మా అమ్మ నన్ను పట్టుకుంది. కొండకు వస్తానని పెదనాయనను బతిమాలుకోమంది. "యాడికి పోతాడో, ఎవురితో కలుస్తాడో బాగా చూసుకోని రా. కండ్లు ఇంకెక్కడో పెట్టుకోని కూర్చోవద్దు" అని మరీ మరీ చెప్పింది. నాకు గొప్ప సంబరమైంది. అనుమానించడంలో నేను మా అమ్మకు తీసిపోయే పిల్లను కాదు.

పెదనాయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు నన్ను వంక దగ్గరికి తీసుకుపోయాడు. మా వైపు ఎండిన వాగును వంక అంటారు. దాని మట్టిగట్టుకు ఆనించి ఒక కొబ్బరిచిప్ప పెట్టి, నా చెవుల్లో దూది కుక్కి, కింద కూర్చుని, మోచేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించి, రెండు చేతులతో తుపాకి పట్టుకుని కాల్చాడు. తగిలింది. ఇంకొంచెం వెనక్కి జరిగి కాల్చాడు. అలా జరుగుతూ జరుగుతూ, ఒక గుండు తప్పిపోగానే ఆపేసి మళ్లీ ముందుకు వచ్చాడు. ఆ రోజుకు అదే తన హద్దు అన్నాడు. కచ్చితంగా తగిలే దూరం మా వాకిలి నుంచి బావి దాకా కూడా లేదు. అంత దగ్గరికి ఏ దుప్పి వస్తుంది? అమ్ముకునేవాడు ఇలాంటి సాకులే చెబుతాడని మనసులో అనుకున్నాను.

"దీంతో దూరం కొట్టేదానికి కాదు పాపా. దగ్గిరికి పోవాల. దగ్గిరికి పోతే అది ఏందో బాగా కనపడతాది. దెబ్బ తిని, సావకుండా, యాడో పడి అల్లాడే పని ఉండదు" అన్నాడు. అంతటితో ఆపలేదు. గుండు దుప్పిలోనే నిలిచిపోతుందని నమ్మకూడదట. ముందు దాని వెనక ఏముందో చూడాలి, ఆ తర్వాతే దాన్ని చూడాలి. కొట్టాలని తీర్మానం చేసుకునే దాకా వేలు తుపాకి గుర్రం మీదికి, అదే నొక్కే మీట మీదికి, పోకూడదు. నేను తల ఊపాను కానీ నా ధ్యాసంతా ఆయన జేబులు ఎంత ఉబ్బెత్తుగా ఉన్నాయన్న దాని మీదే ఉంది.

మరుసటి వారం తెల్లవారుతుండగా బయలుదేరాం. వాకిలి దాటేటప్పుడు పెదనాయన నా చేతిలో ఒక కమ్మరకట్టు పెట్టాడు. ఆ బెల్లం మిఠాయి నోట్లో వేసుకుని, బుగ్గ ఉబ్బించుకుని వెనక్కి చూస్తే, మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి ఆ బుగ్గనే చూస్తోంది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

కొండ మీద వంక మలుపు తిరిగేచోట చిన్న నీటి చెలమ ఉంది. గాలి మా ముఖాలకు కొట్టేలా చూసుకుని, ఒక బండకు వీపు ఆనించి కూర్చున్నాం. చెలమ వెనకాల కొంచెం ఎత్తులో తంగేడు పొదలు. పెదనాయన వాటినే చాలాసేపు చూశాడు. ఎవరో కొనేవాడు అటు నుంచి రావాలేమో, వాడి కోసమే చూస్తున్నాడేమో అని నేనూ చూశాను. మా అమ్మకు చెప్పడానికి ఒక్క మాటైనా దొరకాలని నా ఆత్రం.

ఎండ పొదల మీదికి వచ్చే వేళకు దుప్పి వచ్చింది. కొమ్ములు చాచుకుని, ఒంటి మీద చుక్కలు మెరుస్తూ, అడుగు వేసి ఆగుతూ, అడుగు వేసి ఆగుతూ చెలమ దగ్గరికి దిగింది. అంత అందమైనదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. మాకు పూర్తిగా అడ్డంగా నిలబడింది. ముందుకాలి వెనక ఆయువుపట్టు ఎక్కడుంటుందో నాకు కూడా కనబడుతోంది. కొబ్బరిచిప్పను కొట్టిన దూరం కన్నా దగ్గర. పెదనాయన తుపాకి ఎత్తాడు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచాను. ఆయన అలాగే పట్టుకుని ఉన్నాడు, వేలు మాత్రం గుర్రానికి దూరంగా ఉంది. దుప్పి తల వంచి నీళ్లు తాగుతోంది. దాని చెవి ఒకటి మా వైపు లేదు. వెనక్కి, పొదల వైపు తిరిగి ఉంది. నీళ్లు తాగుతున్నంతసేపూ ఆ చెవి అటు నుంచి కదల్లేదు. ఇవన్నీ తర్వాత ఆయన చెబితే తెలిసినవే. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, ఈయన కావాలనే కొట్టడం లేదని.

అప్పుడే పొదల సందులో ఇటుకరంగుది ఏదో కదిలింది. నేను ఉండబట్టలేక ఆయన చొక్కా గుంజి, అదుగో ఇంకోటి ఉందని గుసగుసగా చూపించాను. నా కళ్లతో చూశాను. అది దుప్పే. ఒంటి రంగు అదే, వంగిన వీపు అదే. ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను, నాకు కనబడింది దుప్పి వీపే.

"చుమ్మా ఉండు పాపా" అని నన్ను ఊరుకోమన్నాడు. తుపాకి మూతి నేల వైపు దించాడు. గుండ్లన్నీ తీసి జేబులో వేసుకున్నాడు. లేచి నిలబడి, కొండ మారుమోగేలా "ఎవురది?" అని అరిచాడు. దుప్పి ఒక్క దూకు దూకి మాయమైంది. పొద పలకలేదు. తమిళంలో "యారదు?" అని అరిచాడు. అప్పుడూ పలకలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఉన్న దుప్పిని తరిమేశాడు, రెండోదాన్ని కూడా పోగొడుతున్నాడు. మనిషైతే పలకదా అని గట్టిగానే అన్నాను. "పలకలేదంటే మనిషి కాదని ఎట్ట చెప్తావు?" అని, ఖాళీ తుపాకి మొలలో దోపుకుని పొద చుట్టూ తిరిగి వెళ్లాడు. వెళ్లినవాడు సగంలోనే ఆగిపోయాడు. చటుక్కున వెనక్కి తిరిగి పొదకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"పాపా, మీ అమ్మ" అన్నాడు.

పరిగెత్తుకుపోయి చూస్తే, మా అమ్మ తంగేడు కొమ్మల మధ్య ముడుచుకుని కూర్చుని ఉంది. ఇటుకరంగు చీర కొంగు తల మీదుగా ముఖం నిండా లాక్కుంది. పక్కన కట్టెల కోసం వచ్చినట్టు కొడవలి, తాడు. మిఠాయి ఇచ్చి పెదనాయన నా నోరు కట్టేశాడని అనుమానం వచ్చి, నా మీద నమ్మకం లేక, తనే కళ్లారా చూద్దామని, దుప్పుల కోసం ఎవరైనా కాచుకునేది ఆ చెలమ దగ్గరే కాబట్టి, అడ్డదారిన వచ్చి కూర్చుందట. తుపాకి తన వైపు లేవడం ఆమె చూసింది. మూతి కనబడింది. ఆయన అరిచిన రెండు అరుపులూ వినబడ్డాయి. అయినా పలకలేదు, ఇంకా లోపలికి ముడుచుకుంది.

ఎందుకు పలకలేదమ్మా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే మాట. "నోటి దాకా వచ్చినాదే. బావ ముందర ఎట్ట అరిచేది?"

పెదనాయన మాకు వీపు పెట్టి బండ మీద కూలబడ్డాడు. బీడీ తీసి, ముట్టించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు, "మీ అమ్మకు చెప్పు. ఇంకమీద నా ముందర నిలబడేదానికి, మాట్లాడేదానికి అడ్డం ఏమీ లేదని చెప్పు. మనిషి ఉంటేనే గదా మర్యాద." మా అమ్మ ఆయనకు నాలుగు బారల దూరంలోనే ఉంది. అయినా నేను ఆమె వైపు తిరిగి మాట పొల్లుపోకుండా అప్పజెప్పాను. సరే అని చెప్పమంది. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "నాతోనే చెప్పమను" అన్నాడు.

మా అమ్మ కొంగు పిండుతూ నిలబడింది. "సరే బావా" అంది. ఆ రెండు మాటలకే ఆయన భుజాలు కదిలిపోయాయి. మిలిటరీ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు అప్పుడు తెలిసింది. నా కళ్లను నమ్మి, నేను చూపించిన చోట ఆయన కాల్చి ఉంటే, ఆ పొద్దు నేను కొండ దిగేది అమ్మ లేకుండా. భయం ఎంత ఆలస్యంగా వచ్చిందంటే, ఇంటికొచ్చాక రెండు రోజులు జ్వరంతో పడుకున్నాను.

ఆ రోజు ఇంటికి రాగానే మా అమ్మ వాకిట్లో అందరి ఎదుటా, "కాళ్లు కడుక్కోండి బావా, సంగటి పెడతా" అంది. మా అవ్వ చేతిలో చెంబు జారిపోయింది. ఊరు ఊరుకుంటుందా? కొండ మీద ఏం జరిగిందో ఏమో, ఉన్నట్టుండి బావతో మాట్లాడుతోందని దానికీ ఒక అనుమానం పుట్టించారు. అదే సీజన్లో పెదనాయన ఒక దుప్పిని కొట్టి తెచ్చి ఇంటింటికీ పాలు పంచితే, రెండు కొట్టి ఒకటే తెచ్చాడన్నారు. మా అమ్మ మాత్రం ఈసారి నీళ్ల దగ్గర ఊరుకోలేదు. అడిగినవాళ్లను అడిగినట్టే కడిగేసింది.

ఇప్పుడు వేలూరులో కొడుకులిద్దరితో ఒకే ఇంట్లో ఉంటున్నాను. అనుమానం నన్ను వదిలిపోయిందని చెబితే అబద్ధం. వాకిట్లో కొత్త చెప్పులు కనిపించినా ఎవరివో అని లేచి చూస్తాను. కాకపోతే మొదట అనుమానించేది నా కళ్లనే. ఒకరి గురించి ఎంత కచ్చితంగా కనబడితే అంత ఆలస్యంగా నోరు తెరుస్తాను. కోడళ్లు కాపురానికి వచ్చిన రోజే ఇద్దరికీ చెప్పాను, మామగారున్నా బావగారున్నా, ఈ ఇంట్లో ఎవరి ఎదుటైనా గొంతెత్తి పిలవాలని. వాళ్లు ఆ మాట మరీ బాగా పట్టుకున్నారు. మేడ మీద ఒకతి, కింద ఒకతి, పొద్దున లేస్తే అరుపులే. మీ ఇంటి ఆడవాళ్ల గొంతులు వీధి చివర దాకా వినబడతాయమ్మా అని చుట్టాలు మూతి ముడుస్తారు. వినబడనీ. నాకు ఆ గొంతులు వింటేనే లోపల భయం కాస్త తగ్గుతుంది.