చివరి సెమిస్టర్ ఎక్కడ ఆగింది

నా ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం శ్రీకాకుళంలో. డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కాలేజీకి వెళ్లడం ఏళ్ల తరబడి అలవాటు. ఒకరోజు ఆ రైల్లోనే ప్రభుత్వం పంపిన ముసాయిదా ఒకటి చదివాను. పై చదువులకు కొత్త విధానం తయారుచేస్తున్నారట, కాలేజీల సలహాలు కావాలట. ఎక్కువమంది డిగ్రీలో చేరాలంటే ఏం చేయాలి, ఫీజుల సాయం వేళకు అందాలంటే ఏం చేయాలి, చేరినవాళ్లు చివరిదాకా చదవాలంటే ఏం చేయాలి అని అడిగారు.

మొదటి రెండింటికీ రాయడానికి నా దగ్గర చాలానే ఉంది. మూడోదాని దగ్గర ఆగిపోయాను. పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తారు? స్టాఫ్‌రూమ్‌లో అదే అడిగితే కామర్స్ సారు నవ్వి, "ఆడపిల్లలైతే పెళ్లి, మగపిల్లలైతే పని. అంతకన్నా ఏముంటుంది మేడం" అన్నారు. మిగతావాళ్లు తలూపారు. చాలామంది విషయంలో అది నిజమే అయి ఉండొచ్చు. కానీ నాకు గుర్తొస్తున్న అమ్మాయి ఆ మాటలో ఇమడలేదు.

ఆ అమ్మాయిది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. రెండో సంవత్సరంలో నేను రొయ్య శరీరం గురించి చెబుతున్నప్పుడు లేచి నిలబడింది. "రొయ్యకి గుండె తలవైపే ఉంటాదన్నారు కదా మేడం. మరి తల తీసేసినా ఒళ్లు కాసేపు కొట్టుకుంటాది. అదెలగ?" అని అడిగింది. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేసి, పొట్టకింద బారుగా సాగే నరాల దండ గురించి మర్నాడు చెప్పాను. అప్పటినుంచి ఆమె ప్రశ్న లేకుండా నా క్లాసు ముగిసేది కాదు. అన్ని పరీక్షలూ పాసైంది. చివరి సెమిస్టర్ జాబితాలో మాత్రం ఆమె పేరు కనిపించలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయట్లేదన్నారు.

ఊహించి రాయడం కంటే వెళ్లి అడగడం మేలనిపించింది. ఒక శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాను. ఇల్లు అడిగితే ఒడ్డువైపు చూపించారు. ఇసుకలో పరిచిన వలమీద నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. వాటిని చేత్తో తిరగేస్తున్నావిడే ఆ అమ్మాయి తల్లి.

"ఎవలమ్మా మీరు?" అంది.

"మీ అమ్మాయికి కాలేజీలో పాఠాలు చెప్పాను."

ఆవిడ గబుక్కున లేచి చేతులు చీరకి తుడుచుకుంది. "మా గుంట ఏటైనా తప్పు సేసిందేటమ్మా?"

"అయ్యో, అదేం లేదు. కొన్నాళ్లుగా కాలేజీవైపే రావట్లేదు, ఎందుకో అడుగుదామని వచ్చాను."

"రాట్లేదా? రోజూ పొద్దుటే కాలేజీ పనిమీదే ఎల్తన్నాదే. రొయ్యల కంపెనీ బండి వస్తాది, అందులో ఎక్కుతాది. అదీ సదువులో భాగమేనని సెప్పింది."

నాకేమీ అర్థం కాలేదు. కాలేజీ లెక్కలో చదువు మానేసిన పిల్ల, తల్లి లెక్కలో చదువుకుంటున్న పిల్ల. ఆవిడ నన్ను ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పొద్దు వాలుతుండగా కంపెనీ వ్యాన్ ఆగింది. దిగిన అమ్మాయి నన్ను చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏమ్మా, చదువు మానేశావా?" అన్నాను.

"నాను మానీలేదు మేడం. మానేసినట్టు అయిపోయింది" అంది.

మెల్లగా చెప్పుకొచ్చింది. చివరి సెమిస్టర్‌లో క్లాసులుండవు, ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేయాలి. స్నేహితురాళ్లు విశాఖపట్నం వెళ్లి గది తీసుకున్నారు, తనకు అంత అద్దె కట్టే స్తోమత లేదు. క్లాసులు లేవు కాబట్టి అంతవరకూ ఉన్న కాలేజీ హాస్టల్లోనూ చోటు లేదన్నారు. అందుకని ఇంటికి దగ్గర్లో ఉన్న రొయ్యల కంపెనీకి వెళ్లి అడిగింది. ఇంటర్న్‌షిప్ అంటే తమకు తెలియదనీ, కావాలంటే పని ఉందనీ చెప్పారు. చేరిపోయింది. తర్వాత కాలేజీ ఆఫీసులో అడిగితే ముందుగా కంపెనీ నుంచి ఉత్తరం ఉండాలన్నారు. కంపెనీ సూపర్‌వైజరేమో అలాంటి కాగితాలు ఇచ్చేది లేదన్నాడు.

"అప్పుడే నాతో చెప్పొచ్చు కదా?"

"ఏటని సెప్పాలి మేడం, రొయ్యలు వలుస్తన్నానని సెప్పాలా?" తల దించుకుంది. మళ్లీ తనే తలెత్తి, "మొదట్లో వలిసేదాన్నే. ఇప్పుడు పరీక్షల గదిలో ఏసారు. ముక్కలమీద సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో సూస్తాం. మీరు సెప్పినవే సాలా వరకు అక్కడున్నాయి" అంది.

"ఆ గదిలోకి ఎలా తీసుకున్నారు?"

"అడిగీదాన్ని మేడం. ఇదెందుకు, అదెందుకు అని. ఇసుగొచ్చి ఏసీసారనుకుంటాను."

తల్లి కూతురి వంక చూసి, "మరి నాకెందుకు అబద్ధం సెప్పావే?" అంది.

"అబద్ధం కాదమ్మా. సదువేనని నానూ అనుకున్నాను."

తిరుగు ప్రయాణంలో నాకు ఆ మాటే వినిపిస్తూ ఉంది. డిగ్రీ ఏం చేయమందో ఆ పిల్ల అదే చేస్తోంది. అలా చేస్తూనే డిగ్రీకి దూరమైంది.

తర్వాతి వారం కంపెనీకి వెళ్లాను. మేనేజరు కఠినంగా ఉంటాడని అనుకుంటూ వెళ్లాను కానీ ఆయన మర్యాదగానే మాట్లాడారు. "ఇక్కడ చుట్టుపక్కల ఇన్ని కాలేజీలున్నాయి, ఇంతవరకూ ఒక్కరూ వచ్చి అడగలేదండీ" అని ఉత్తరం మీద సంతకం చేసిచ్చారు. అయినా జరిగిపోయిన నెలలు చెల్లవన్నారు మా ప్రిన్సిపాల్. పేరు నమోదైన రోజు నుంచే లెక్క. ఆ సంగతి ఎలా చెప్పాలా అని సతమతమవుతూ, ఆమె ఇచ్చిన కొత్త నంబరుకు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి నవ్వింది. "అదే గది, అదే పని కదా మేడం. సేసేస్తాను."

ముసాయిదా మీద రెండు జిల్లాలకూ కలిపి సమావేశం విజయనగరంలో జరిగింది. చివరి సెమిస్టర్‌లోనూ హాస్టల్ ఉండాలని, పిల్లలు అప్పటికే చేస్తున్న పని చదువుకు సంబంధించినదైతే దాన్నే ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోవాలని చెప్పాను. వేదిక మీది అధికారి ఓపిగ్గా విని, "ఇలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు మేడం?" అని అడిగారు.

"నాకు తెలిసి ఒకమ్మాయి సార్. మిగతావాళ్లను ఎవరూ అడగలేదు" అన్నాను.

ఆయన రాసుకున్నారు. తుది విధానంలో హాస్టల్ విషయం "పరిశీలించవచ్చు" అన్న మాటతో కనిపించింది. రెండోది లేదు. ఆ అమ్మాయి మాత్రం ఇంటర్న్‌షిప్ మళ్లీ మొదటి నుంచి చేసి, డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు అదే కంపెనీలో పరీక్షల గదిలో పూర్తిస్థాయి ఉద్యోగిగానే చేరింది. పట్టా తీసుకోవడానికి తల్లితో కలిసి వచ్చినప్పుడు ఆవిడ మా ప్రయోగశాలంతా తిరిగి చూసింది. గాజుసీసాల్లోని పీతల ముందు ఆగి, "ఈటిని ఇలగెందుకు దాసారమ్మా?" అని అడిగింది. కూతురి ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా చదువు ఆపేసినవాళ్లను కలవడం మొదలుపెట్టాను. పోయిన నెల కొత్తవలసలో సెల్‌ఫోన్లు బాగుచేసే, ఒకప్పుడు నా క్లాసులో ఉన్న ఒక కుర్రాడిని పలకరించాను. పెళ్లా, పనా, హాస్టలా అని ఒక్కొక్కటే అడిగాను.

"అయ్యేటీ కావు మేడం. మీ క్లాసు అర్థమయ్యీది కాదు" అన్నాడు.

అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏ పాఠం దగ్గర అలా అయిందో చెప్పమన్నాను.