పదకొండు ఒకట్ల పలక

జపాన్‌లోని మా ఇవాతే కొండల్లో గుళ్ల చూరు కింద లెక్కల పలకలు వేలాడుతుంటాయి. గట్టి లెక్క తేల్చినవాళ్లు దాన్ని చెక్క మీద చెక్కించి దేవుడికి ఇచ్చుకుంటారు. ఒట్సుబో కినుయేకి డెబ్బై రెండో ఏట ఆ కోరిక పుట్టింది.

నలభై ఏళ్లు పిల్లలకు పూసల చట్రం మీద లెక్కలు నేర్పిన మనిషి. ఆవిడ ఎంచుకున్న సంఖ్య వరసగా పదకొండు ఒకట్లు. చట్రంలో పదకొండు కడ్డీల మీద ఒక్కో పూస పైకి తోస్తే అదే. ఒకటీ, అదీ కాక ఇంకేదైనా సంఖ్య దాన్ని శేషం లేకుండా భాగిస్తుందా? తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అంటే లక్షా ఐదు వేల చిల్లర దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. పది వేలకు పైనే. రోజుకు ఐదు చొప్పున ఐదున్నరేళ్లు భాగించి, శేషాలన్నీ నోటుబుక్కుల్లో రాసింది. ఒక్కటీ సున్నా కాలేదు.

'దీన్ని ఏదీ భాగించదు' అని తన అన్న, వడ్రంగి యోషిజో చేత పలక చెక్కించింది. పలక కట్టాల్సిన గుడి పండగకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

"పిల్లల చేత ప్రతి లెక్కా రెండుసార్లు చేయిస్తావు. నువ్వు ఒక్కసారే చేశావేం, కినూ?" అన్నాడు యోషిజో.

"మళ్లీ చేస్తే నాకు ఎనభై మూడేళ్లు దాటతాయి అన్నయ్యా."

"అయితే కట్టేయ్. దేవుడికి లెక్కలు రావులే."

ఆ మాటతో ఆవిడకు అన్నం దిగలేదు. మర్నాడు నా దగ్గరికొచ్చింది. లెక్కల చదువు మధ్యలో వదిలేసి కర్ర కోత మిల్లులో పని చేస్తున్నాను నేను.

"ఫోన్‌ని అడిగితే క్షణం పని, టీచర్," అన్నాను.

"అయితే పలక మీద ఫోన్ పేరు చెక్కించనా? కాలేజీలో ఏమైనా నేర్చుకున్నావా, తిని వచ్చావా?"

ఒకటి నేర్చుకున్నాను. పదకొండు ఒకట్లను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటే మిగలాలి. అంటే పదింట తొమ్మిదింటిని చూడక్కర్లేదు.

"ఎందుకో చూపించు. నమ్మకం మీద భాగించను."

రెండు గంటలు పట్టింది. రెండుచోట్ల తిట్టింది కూడా. ఒప్పుకున్నాక పొద్దున్నే చట్రం ముందు కూర్చుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం 21649 దగ్గర శేషం సున్నా. మళ్లీ చేసింది. సున్నా. పాత నోటుబుక్కులో అదే సంఖ్య ఉన్న జనవరి పేజీ తీస్తే, అక్కడ శేషం ఐదు.

కడ్డీకి పైనుండే ఒంటి పూస విలువ ఐదు, కిందికి దించితే లెక్కలోకి వస్తుంది. చలికాలం వేసుకునే దూది కోటు చేతులు వెడల్పు. ఆ చెయ్యి తగిలి పూస కిందికి జారింది, ఆవిడ చూసింది చూసినట్టు రాసింది.

"ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు యోషిజో. "అక్షరాలు లోతుగా దిగాయి."

"చిత్రిక పట్టు."

"చెక్క పలచబడిపోతుంది."

"పడనీ. రేపటికల్లా కావాలి."

భాగఫలం 513239. అది మళ్లీ విడిపోతుందా? నా నియమం ప్రకారం చూడాల్సినవి పన్నెండే. కోటు విప్పి, చలికి వణుకుతూ, ఒక్కోదాన్నీ రెండేసిసార్లు భాగించింది. విడిపోలేదు.

కొత్తగా చెక్కించిన పలక మీద ఆ రెండు సంఖ్యలూ ఉన్నాయి. వాటి కింద యోషిజో వద్దని గొణుగుతూనే చెక్కిన వాక్యం: 'మొదటిసారి తప్పు చేశాను. రెండోసారి చూశాను.'