సిరిసిల్ల దారిలో వంటావార్పు, నేను వేసిన సున్నా

ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులకు కలిసి పనిచేయడం నేర్పేందుకు వారిని బయటి ఊరికి తీసుకెళ్లదలచిన తోటి అధ్యాపకుల సౌకర్యార్థం, తెలంగాణ ఉద్యమ కాలంలో నేను నిర్వహించిన ఒక ప్రయాణాన్ని సవినయంగా నివేదిస్తున్నాను. చేసి నేర్చుకునే పద్ధతిపై రెండు రోజుల శిక్షణ పొంది ఉన్నందున, అది నాకు పూర్తిగా తెలుసన్న అభిప్రాయం నాకుండేది. కార్యక్రమం ఇది: సిరిసిల్లలో ఒక బడి మైదానంలో విద్యార్థులంతా కళ్లకు గంతలు కట్టుకుని, ఒకే తాడు పట్టుకుని, దాన్ని చతురస్రంగా నిలపాలి. సహకారానికి, క్రమశిక్షణకు విడివిడిగా మార్కులు. దేనిలో సున్నా వచ్చినా మరో ఏడాది ఆగాలి.

ఉదయం ఏడింటికి కోరుట్లలో అద్దె బస్సు బయలుదేరింది. మనిషికి నూట ఇరవై రూపాయలు. ఎనిమిదికి జగిత్యాలలో మిగతావారు ఎక్కారు. ముత్యంపేట నుంచి వచ్చి కోరుట్లలోనే ఎక్కిన సుజాత నా వెనక సీట్లో కూర్చుంది. వాళ్లమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. "నాకు ఈ ఏడే అయిపోవాలె సార్. పొయ్యి పొగకు అమ్మకు కండ్లు కనవడ్తలేవు" అంది. శ్రద్ధగా చదవవలసిందిగా సూచించాను.

కొడిమ్యాల దాటగానే రోడ్డు మూసి ఉంది. రాస్తారోకో చేస్తున్న ఊరివాళ్లు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. ఒక ముసలామె నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏంది సారూ, బస్సుల కూసుంటే బువ్వ ఉడుకుతదా? పోరగాండ్లను దించు."

"మేము శిక్షణకు వెళ్తున్నామమ్మా."

"అందరు కలిసి పనిజేసుడు నేర్పుతరట అవ్వా" అని సుజాత వివరించింది.

అవ్వ పొయ్యిల వైపు చూసింది, నా వైపు చూసింది. "గది నేర్సుకునేటందుకు సిరిసిల్ల దాంక పోవాల్నా?"

"గీడనే చేద్దాం సార్" అంది సుజాత. అనుమతి సిరిసిల్లకు మాత్రమే ఉన్నదనీ, ఎవరూ దిగరాదనీ ప్రకటించాను. సుజాత దిగింది. ఐదు నిమిషాల్లో బస్సులో నేనూ, డ్రైవర్ యాదగిరీ మిగిలాం.

కిటికీలోంచి పరిశీలించాను. ఎవరూ అడగకుండానే సుజాత ఎవరి పని వారికి అప్పజెప్పింది. హాస్టల్లో మూడు నెలలుగా మాటల్లేని ఇద్దరికి అన్నం ఉడికిన ఒకే డేగిసా రెండు చెవులూ పట్టించింది. "మెల్లగ, నీ దిక్కు వంగుతుంది." "నాది కాదు, నీ దిక్కే సూస్కో." గంజి వంచేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు.

"తినుర్రి సార్, అలిగితే ఆకలి ఆగుతదా?" అంటూ యాదగిరి విస్తరి తెచ్చిచ్చాడు. పప్పు బాగుంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. చేయి కడుక్కుని, అదే చేత్తో, మార్కుల పత్రంలో సుజాత పేరు ఎదుట క్రమశిక్షణ గడిలో సిరాతో సున్నా వేసి సంతకం చేశాను. అందరూ దిగారు కదా అని మీరు అడగవచ్చు. మొదట దిగినవారే బాధ్యులని నేను నిర్ణయించాను.

రోడ్డు తెరిచాక, మూడింటికి సిరిసిల్ల చేరాం. సుజాతను పక్కన కూర్చోబెట్టాను. గంతలు కట్టుకున్న ముప్పై మంది తాడు పట్టుకుని అరగంట నిల్చున్నారు. "సుజాతక్కా, ఎటు జరగాలె?" అని ఎవరో అడిగారు. ఆమె జవాబివ్వకముందే నేను ఈల ఊదాను. చతురస్రం రాలేదు. పత్రం నిండుగా కనిపించాలని అందరికీ సహకారంలో పూర్తి మార్కులు వేశాను.

తిరిగి కోరుట్లలో దిగేటప్పుడు, "సున్న ఏసిండ్రా సార్?" అని సుజాత అడిగింది.

"నియమం."

"గట్లనే సార్" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ పత్రం రెండు రోజులు నా సొరుగులోనే ఉంది. మార్చడానికి ఒక్క గీత చాలు. కొట్టివేతలుంటే పైవారు నన్నేమనుకుంటారోనని మార్చలేదు. మరుసటి ఏడాది మళ్లీ చేరినవారి జాబితాలో ఆమె పేరు లేదు.

చాలా ఏళ్లకు ముత్యంపేట బడికి తనిఖీకి వెళ్లాను. వంటగది గుమ్మంలో సుజాత నిలబడి ఉంది, చేతిలో గంటె. అమ్మకు చూపు పూర్తిగా పోయిందట. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు కంచాలు అందిస్తున్నారు. ఎవరూ ఈల ఊదడం లేదు. "కూసోండ్రి సార్. ఆ దినం పప్పు రెండుసార్లు ఏయించుకుంటిరి గద" అంది. క్షమించమని అడగడానికి అంతకంటే అనువైన సమయం దొరకదని నాకు తెలుసు. తిని, తనిఖీ పుస్తకంలో 'భోజనం సంతృప్తికరం' అని రాసి వచ్చాను.

ప్రయాణికులకు ఒక సూచన: మార్కుల పత్రాన్ని దారిలో పెన్సిలుతోనే నింపండి. సిరా సంగతి మర్నాడు, తిన్నది అరిగాక చూసుకోవచ్చు.