ఏడో నంబరు బిళ్ల

2023 చలికాలం. ముంబై నుంచి బయలుదేరే ఒక విహార నౌకలో నేను క్యాబిన్ స్టూవర్డ్‌గా పనిచేస్తున్నాను. స్టూవర్డ్ అంటే గదులు శుభ్రం చేసి, పక్కలు సర్దేవాడు. అయితే ప్రమాద సమయంలో మాకు ఇంకో ఉద్యోగం ఉంటుంది. నాది అసెంబ్లీ స్టేషన్ సి. సైరన్ మోగగానే ప్రయాణికులు వచ్చి చేరవలసిన చోటు అది. వచ్చినవాళ్ల కార్డులు మిషన్‌కు చూపించి, లెక్క సరిపోయిందని పైన బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, రేడియోలో చెప్పాలి.

ఆ వారం నా ఓడలోకి మా గోదావరిఖని నుంచి పన్నెండు మంది వచ్చారు. అందరూ బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాళ్లు, వాళ్ల భార్యలు. వాళ్లకు పెద్ద మా మామ, నా భార్య తండ్రి. ఆయన గని ల్యాంప్ రూమ్‌లో, అంటే దీపాలు ఇచ్చే గదిలో, ముప్పై ఏళ్లు గుమాస్తా. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ల ఉంటుంది. బిళ్ల ఇచ్చి దీపం తీసుకొని దిగుతాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి, తన నంబరు చెప్పి, బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక మేకుకు బిళ్ల వేలాడుతూ ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

మామ పాత అల్యూమినియం పళ్లెం కత్తిరించి బిళ్లలు చేసి, మేకుతో నంబర్లు కొట్టి తెచ్చాడు. ఓడ ఎక్కగానే పన్నెండూ ఒక చిన్న చెక్కకు కొట్టిన మేకులకు తగిలించాడు.

"నీకు గూడ చేసిన అల్లుడా. పదమూడు."

"నేను స్టాఫ్‌ను మామా. నాకెందుకు?"

"స్టాఫైతే మునగరా?"

చుట్టూ నా తోటివాళ్లు ఉన్నారు. నేను తీసుకోలేదు. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు సైరన్ మోగింది. కింద లాండ్రీలో బట్టలారబెట్టే యంత్రంలో నూలు పీచు పేరుకొని అంటుకుంది. అది మాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది, ఐదో అంతస్తు నడవలో పొగ ఉందని మాత్రమే.

సిబ్బందికి శిక్షణలో మొదట నేర్పేది పరుగెత్తవద్దని. రెండోది నవ్వుముఖం. లోపల ఎంత భయం ఉన్నా, పెళ్లిలో విస్తళ్ల దగ్గరికి పిలుస్తున్నట్టు పిలవాలి. ప్రయాణికులకు ఏ శిక్షణా ఉండదు. ఒకాయన తలనిండా షాంపూ నురగతో వచ్చాడు. ఒకామె జిలేబీల ప్లేటు వదలలేదు. ఒక కుర్రవాడు తన ముఖం కనపడేలా వీడియో తీసుకుంటున్నాడు. ఇంకొకాయన నన్ను పక్కకు పిలిచి, సాయంత్రం మ్యాజిక్ షో ఉంటుందా లేదా అని గుట్టుగా అడిగాడు.

మావాళ్లు మాత్రం లైఫ్ జాకెట్లు కట్టుకొని వచ్చి, గోడ పక్కన వరసగా గొంతుక్కూర్చున్నారు. గని మీద షిఫ్టు కోసం ఎదురుచూసినట్టే. ఒకాయన గాలి పీల్చి తీర్పు చెప్పాడు. "ఇది నూనె పొగ కాదు. బట్ట పొగ."

నేను కార్డులన్నీ మిషన్‌కు చూపించాను. లెక్క సరిపోయింది. "స్టేషన్ సి, అందరూ ఉన్నారు" అని రేడియోలో చెప్పేశాను.

అప్పుడు మామ చెక్క పట్టుకొని నా ముందుకు వచ్చాడు. ఒక్కొక్కరి చేతిలో బిళ్ల పెట్టడం అయిపోయింది. మేకుకు ఒకటి మిగిలింది.

"ఏడో నంబరు రాలే అల్లుడా. పోశవ్వ."

"మిషన్‌లో వచ్చింది మామా."

"మిషన్ల వస్తే, ఈడ ఏది మరి?"

పోశవ్వ భర్త కొమురయ్య నేల చూస్తున్నాడు. మామ ఆయన వైపు తిరిగాడు.

"కొమురా, ఏడున్నదే?"

"వస్తదన్నా. జడేసుకుంటున్నది."

"కార్డు ఎవలు ఇచ్చిన్రు?"

"నేనే. లేటైతే మస్టర్ పోతదని..."

మస్టర్ అంటే గనిలో హాజరు. ఆలస్యమయ్యే తోటివాడి హాజరు పక్కవాడు వేయించే అలవాటు కొందరికి ఉండేది. మామ నిట్టూర్చాడు. "ముప్పై ఏండ్లు నా కండ్ల ముందట గిదే పని జేసినవ్. సముద్రంల గూడనా?"

"మొన్న డ్రిల్లుకు గూడ నేనే ఏసిన" అన్నాడు కొమురయ్య. అంటే మొదటి రోజు ప్రమాద డ్రిల్లులోనూ నేను ఆమె ముఖం చూడలేదు.

వాళ్ల గది ఐదో అంతస్తులో ఉంది. ఆ వారమే నా పేరు సూపర్‌వైజర్ పదవికి పంపారు. నేను చెప్పిన లెక్క తప్పని నేనే చెప్పుకోవాలి. రేడియో ఎంతసేపు ఊరికే పట్టుకున్నానో తెలియదు. మామ చెక్కను నా ముఖం ముందు అలాగే పట్టుకున్నాడు.

"స్టేషన్ సి. నా లెక్క తప్పు. ఐదో అంతస్తులో ఒకరు ఉన్నారు" అన్నాను.

హెల్మెట్లు, గాలి సిలిండర్లతో ఇద్దరు వెళ్లి తలుపు కొట్టారు. వాళ్లకు తెలుగు రాదు. రేడియో ఆమె ముందు పెట్టారు. మొదట నాకు వినిపించింది ఆమె వాళ్లను అడుగుతున్న ప్రశ్న.

"మీరు ఏ గనోళ్లు బిడ్డా?"

"అవ్వా, నేను. సైరన్ వినపడలేదా? జల్ది బయటికి రా."

"ఇనపడ్డది. మూడు గంటల షిఫ్టు సైరనే గదా. మా ఆయన రిటైరై ఆరేండ్లాయె. ఇగ ఉరికి సద్ది గట్టేది ఎవలికి?"

నేను పొగ సంగతి చెప్పాను. "గా ముచ్చట ముందుగాల చెప్పాలె" అన్నది.

ఆమె సగం జడతో, ముక్కుకు తడి తువ్వాలతో వచ్చింది. మామ చూస్తూ నిలబడ్డాడు. "ఏడు" అని ఆమె చెప్పాకే బిళ్ల చేతిలో పెట్టాడు. ఆమె కొమురయ్యను పైనుంచి కిందికి చూసింది. "నా మస్టర్ నువ్వే ఏసినవట. రేపు నేను సస్తే గూడ నువ్వే పోయి పాడె మీద పండుకో." కొమురయ్య లైఫ్ జాకెట్ తాడు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

మంట అరగంటలో ఆరింది. సాయంత్రం మ్యాజిక్ షో కూడా జరిగింది. నా పదోన్నతి ఒక ఏడాది వెనక్కి పోయింది. అది న్యాయమే. అప్పటి నుంచి కార్డు తీసుకునే ముందు ముఖం చూస్తాను, పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. వరస నెమ్మదిగా కదులుతుందని విసుక్కుంటారు. విసుక్కునేవాళ్లు ఎదురుగా ఉన్నట్టే కదా అనుకుంటాను.

పోయిన వానాకాలం మామ పోయాడు. నేను సముద్రం మీద ఉన్నాను. పదో రోజుకు గాని ఇల్లు చేరలేకపోయాను. మామ ఇంట్లో తలుపు వెనక మేకుకు ఒక అల్యూమినియం బిళ్ల వేలాడుతూ ఉంది.

"నువ్వు ఓడెక్కిన దినం తగిలిస్తుండె. ఇంటికస్తే తీస్తుండె" అన్నది అత్తమ్మ. "ఈసారి తీసే మనిషి లేడు. నాకు తియ్య బుద్ధి కాలే."

నేను మేకు ముందు నిలబడి "పదమూడు" అన్నాను. కొంతసేపు ఆగి, బిళ్ల నేనే తీసుకున్నాను.