తన పేరు తానే చెప్పిన ఆమె

జడ్చర్లలో మాకు మేకపాలు పోసే ఆమె ప్రతి వాకిట్లోనూ తన పేరు తానే కేకవేసి చెప్పేది. తొలి ఎన్నికల జాబితా రాసే గుమాస్తా వచ్చిననాడు ఆమె మా వాకిట్లోనే ఉంది. కోడలి పేరు పరాయి మగవాడికి చెప్పరాదన్నది మా ఇంటి ఆచారం.

“పట్వారి కోడలని రాస్కో, సాలు,” అన్నది మా అత్త. తలుపు చాటున నేను నోరు విప్పలేదు.

పాలామె నవ్వింది. “నా పేరు రాయి బిడ్డా! ఓటేసేది నేనా, నా మొగడా?”

సొంత పేరు చెప్పని ఆడవారిని జాబితా నుంచి కొట్టివేశారు. నిజాం ప్రజలు పౌరులైన ఆ రోజుల్లో, చదువుకున్న నేను కోడలిగానే మిగిలాను. అక్షరం రాని ఆమె ఓటు వేసి, సిరా అంటిన వేలు మా అత్తకు చూపించి వెళ్లింది.

ఆ అన్యాయాన్ని తేదీతో సహా దినచర్యలో రాసుకున్నాను. ఆమె పేరు రాయడానికి మాత్రం అసూయతో చేయి రాలేదు. ‘పాలామె’ అని రాశాను.