దిగలేని సీటు

మా అమ్మకు తుంటి కీలు అరిగిపోయిందని డాక్టరు చెప్పేనాటికే ఆమె బస్సెక్కడం మానేసింది. ఫిజీలో, రాకిరాకి అనే ఊళ్ళో, మా అన్న చెరకు పొలం పక్కన రేకుల ఇంట్లో ఉండేది. నాకు లాటోకాలో ఉద్యోగం, నటబువాలో కాపురం. నాన్న పోయాక కూడా అమ్మ ఒకచోట కుదురుగా కూర్చున్న మనిషి కాదు. బజారుకి, ఎవరింట్లో పూజ ఉంటే వాళ్ళింటికి, పెద్దమ్మను చూడాలనిపిస్తే నవాకాకు, ఎక్కడికైనా బస్సులోనే పోయేది. పెద్దమ్మ అమ్మకు ఒక్కగానొక్క అక్క. ఆ ఇద్దరూ కలిస్తే తెలుగులో మాట్లాడుకునేవారు. మేమందరం హిందీలో బతుకుతున్నవాళ్ళం. నేను బడిలో తెలుగు నేర్చుకున్నాను కాబట్టి వాళ్ళ మాటలు నాకు అందేవి. మా అన్నకు సగమే అందేవి.

మా వైపు బస్సులకు కిటికీ అద్దాలుండవు. వానొస్తే టార్పాలిన్ దించుతారు. మొదటి మెట్టు అమ్మ మోకాలికంటే ఎత్తు. పట్టుకోవడానికి ఉన్న కడ్డీ కాస్తా లోపలెక్కడో ఉంటుంది, ఎక్కినవాళ్ళకే తప్ప ఎక్కేవాళ్ళకు అందదు. సీటుకూ సీటుకూ మధ్య పడుచువాళ్ళ మోకాళ్ళే ఇరుక్కుంటాయి. ఒకరోజు అమ్మ ఇంకా కూర్చోకముందే బస్సు కదిలింది. ముందు సీటు ఇనుప చట్రానికి తుంటి కొట్టుకుంది. వెనకున్న స్థానిక ఫిజీ ఆవిడ ఒకరు నడుం పట్టుకుని ఆపి, "వకమలుఆ, బుబు" అంది, మెల్లిగా అమ్మమ్మా అని. డ్రైవరు అద్దంలోంచి చూసి, "జల్దీ బైఠో, నానీ. టైమ్ నహీ హై" అని తొందరపెట్టాడు.

ఇది అమ్మ నాకు చెప్పలేదు, వదిన చెప్పింది. ఆ తర్వాత అమ్మ బస్సెక్కలేదు. ఎండగా ఉందనేది, వాన పట్టేలా ఉందనేది, మేక ఈనేలా ఉందనేది. అన్నిటికీ ఒక కారణం ఉండేది. ఆ మెట్టు మాట మాత్రం ఎత్తేది కాదు.

ఆ రోజుల్లో జపాన్ నుంచి పాత కార్లు ఓడల మీద దిగుతుండేవి. అన్న ఒక తెల్ల కారు కొన్నాడు. "అమ్మ కోసమే" అన్నాడు. అది నిజం. వాడికి కారు మోజు ఎప్పుడూ లేదు. కానీ ఆ కారు నేలను రాసుకుంటూ పోయే రకం. ముందు సీటు గుంతలా లోపలికి ఉండి, వెనక్కి వాలి ఉండేది. అమ్మ అందులో కూర్చోవడమంటే పడిపోవడమే. దిగేటప్పుడు మోకాళ్ళు నడుం కంటే పైకి ఉండేవి, ముందుకు వంగుదామంటే పైకప్పు తలకు తగిలేది. మొదటిసారి గుడికి తీసుకెళ్ళిన రోజు అన్న ఒక చెయ్యి, వదిన ఒక చెయ్యి పట్టి లాగారు. గుడి మెట్ల మీద జనం చూస్తున్నారు. ఇంటికొచ్చాక అన్న మొహం చూసి అమ్మే వాణ్ణి ఓదార్చింది.

"కారు మంచిదే రా. నా ఒళ్ళే మంచిది కాదు."

ఆ తర్వాత గుడికి కూడా రానంది. వరండాలో ఎత్తు కుర్చీ ఒకటి వేయించుకుని దానిలో కూర్చునేది.

పెద్దమ్మకు పక్షవాతం వచ్చిందని ఒకరోజు నవాకా నుంచి ఫోనొచ్చింది. మంచం పట్టింది, మింగుడు కూడా సరిగా పడటం లేదు. పెద్దమ్మ కొడుకు నాతో, "మౌసీని ఒకసారి తెండి. మా అమ్మ రోజూ అడుగుతా ఉంది" అన్నాడు, వాళ్ళ పిన్నిని తెమ్మని. నేను రాకిరాకి వెళ్ళి చెప్పాను. అమ్మ ఏమీ ఆలోచించలేదు.

"పోదాం. అక్క తలకి నూనె పెట్టాల నేను. ఆ కోడలికి చాతకాదు."

తను కాచిన కొబ్బరినూనె సీసాలో పోసి, గుడ్డ చుట్టి పెట్టుకుంది. బయలుదేరే పొద్దున వదిన చాయ్ తెస్తే వద్దంది.

"తాగితే దారిలో దిగాల. నన్నెవరు దించుతారు?"

నీళ్ళు కూడా తాగలేదు. అన్న నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా అమ్మ తన బరువును సీటు మీంచి పైకి లేపుకునేది. తవువా ఊరు దాటేసరికి మెడ మీద చెమట ధారగా కారుతోంది.

"ఆపమంటావా అమ్మా?" అన్నాడు అన్న.

"ఆపితే ఏం చేస్తాను? పోనీ."

నవాకా చేరేసరికి ఆమె కాలు కొయ్యబారిపోయింది. తలుపు తీసి అన్న ముందుకు లాగాడు, పెద్దమ్మ కొడుకు భుజాల కింద చేతులు పెట్టాడు, నేను మోకాళ్ళు పట్టుకున్నాను. అమ్మ అరిచింది. అమ్మ గొంతులోంచి అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు. ముగ్గురం చేతులు తీసేశాం. నా నడుంలో ఏదో కలుక్కుమంది.

"వదిలేయండి. దరద్ వస్తా ఉంది. లాగొద్దు నన్ను."

ఇంకోసారి ప్రయత్నిద్దామన్నాడు అన్న. వద్దని చేతులు జోడించింది. ఇంటి మెట్లు ఎదురుగా కనిపిస్తున్నాయి. లోపల పెద్దమ్మ మంచం మీదుంది, లేవలేదు. బయట అమ్మ కారులో ఉంది, దిగలేదు. రెండున్నర గంటల దారి వచ్చి అక్కడ ఆగిపోయాం.

అప్పుడు పెద్దమ్మ కొడుకు గబగబా లోపలికి వెళ్ళి, పెద్దమ్మ ఉన్న గది కిటికీకి అడ్డంగా ఉన్న గాజుపలకలు ఒక్కొక్కటే లాగి తీసేశాడు. పెద్దమ్మ మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపారు. అన్న కారును పూలమొక్కల మీదుగా గోడ పక్కకు తెచ్చాడు. మధ్యలో సిమెంటు కాలవ ఒకటి అడ్డొచ్చింది, అంతకంటే దగ్గరికి రాలేదు. అక్కచెల్లెళ్ళకు ఒకరి మొహం ఒకరికి కనిపించింది. చేతులు అందలేదు.

"వచ్చినావా చెల్లీ?" పెద్దమ్మ మాట ముద్దముద్దగా వచ్చింది.

"వచ్చినా అక్కా. ఇదిగో, మోటర్‌లో ఉన్నా."

"లోపలికి రా."

"రాలేను అక్కా. కాలు లేవదు."

పెద్దమ్మ మొహం కదిలింది. నోరు ఒక పక్కకి లాగేసింది కాబట్టి నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"నాకూ లేవదు" అంది.

అమ్మ నూనె సీసా నా చేతికిచ్చింది. నేను కోడలికిచ్చాను. కోడలు పెద్దమ్మ జుట్టు విప్పి నూనె రాయడం మొదలుపెట్టింది. అమ్మ కారు కిటికీలోంచి చెబుతూనే ఉంది. "చెవుల వెనక పెట్టు. గట్టిగా రుద్దొద్దు. ఆ చిక్కు వేళ్ళతో తియ్యి, దువ్వెనతో వద్దు." హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. కోడలు చెప్పినట్టే చేసింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి అమ్మ చెప్పడం ఆపేసి తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది.

తిరిగి రాకిరాకి వచ్చాక అమ్మను దించడానికి పక్కింటి మగవాళ్ళు రావలసి వచ్చింది. సీటును వెనక్కి వాల్చి, ఆమె కింద దుప్పటి దూర్చి, నాలుగు మూలలా పట్టుకుని బయటికి లాగారు. ఓఢ్నీ కొంగుతో మొహం కప్పుకుంది అమ్మ. నడుం కింద బట్టలు తడిసిపోయి ఉన్నాయి. వదిన ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా లోపలికి తీసుకెళ్ళింది.

ఆ నెల తిరక్కుండానే పెద్దమ్మ పోయింది. దహనానికి అమ్మ రాలేదు. "మాట్లాడినాను కదా. మీరు పోండి" అంది. మేం తిరిగొచ్చేసరికి అదే కుర్చీలో ఉంది. ఎవరెవరు వచ్చారని కూడా అడగలేదు.

నా నడుం నొప్పి తగ్గకపోతే లాటోకాలో ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఎలా పట్టేసిందని ఆ అమ్మాయి అడిగితే జరిగింది చెప్పాను. ఆమె ఒక కుర్చీ లాగి చూపించింది. సీటును చివరిదాకా వెనక్కి జరపాలి, వీపు నిటారుగా పెట్టాలి. గుంత పూడేలా గట్టి ఫోము దిండు వెయ్యాలి, దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి పరవాలి. ముందు బయటికి తిరిగి కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు అదే తిరగేసి చెయ్యాలి.

"ఇంతేనా?" అన్నాను.

"చాలామందికి ఇదే సరిపోతుంది" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ కారు చేసినవాడు, ఆ బస్సు మెట్టు కట్టినవాడు, ఎవరూ మా అమ్మను చూసి ఉండరు. ఒక దిండు సంగతి మాకు చెప్పేవాళ్ళు కూడా దొరకలేదు.

పాత పరుపులోంచి ఫోము కోసి, రెక్సిన్ తొడిగి రాకిరాకి పట్టుకెళ్ళాను. అమ్మ నా తృప్తి కోసం ఒప్పుకుంది. వీపు లోపలికి పెట్టి కూర్చుంది, తలుపు పట్టుకుంది, ప్లాస్టిక్ మీద జారుతూ రెండు కాళ్ళూ తిప్పుకుంది. మొహంలో నొప్పి లేదు. అన్నకు ఆనందం ఆగలేదు.

"చూశావా అమ్మా! ఇంక ఎక్కడికైనా పోవచ్చు."

అమ్మ ముందు అద్దంలోంచి చెరకు వైపు చూస్తూ, "ఎక్కడికి?" అంది.

గుడికన్నాడు అన్న, తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికన్నాడు, సముద్రం ఒడ్డుకన్నాడు. అన్నిటికీ తల ఊపింది. ఊపి, ఎవరి సాయం లేకుండా తనే దిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సీటులో ఆమె మళ్ళీ కూర్చున్నది ఆస్పత్రికి పోవడానికే, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగినప్పుడు. దారిలో నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. బా ఊరి వంతెన మీద కిటికీ దించమంది, గాలి కావాలని. దించాను. ఆస్పత్రి నుంచి ఆమె ఇంటికి రాలేదు.